గుండు అడుగున ఆకుపచ్చ గీత

లైల్ హాస్కెట్ నన్ను నిలువునా ముంచాడు. నా భార్య నోరీన్‌కి అన్న. బావ కదా అని నమ్మి కాగితాల మీద సంతకం పెడితే వాగు పక్క పొలం లాక్కున్నాడు. పోయిన నెల చచ్చాడు. మాకు దక్కింది అతను ఖాళీ తొడుగుల్లో మందూ గుండూ కూరి తూటాలు చేసుకునే మిషను ఒక్కటే.

రాత్రి షెడ్డులో దాన్ని బాగుచేస్తున్నాను. మోంటానా చలికి వేళ్లు మొద్దుబారాయి. పై డబ్బాలోంచి సీసపు గుండ్లు మొన పైకుండేలా గొట్టంలోకి జారాలి. ఒకటి తలకిందులుగా వచ్చింది. దాని అడుగున ఆకుపచ్చ గీత. తన సరుకు ఇంకొకరి దాంట్లో కలవకుండా లైల్ పెట్టుకునే గుర్తు అది.

దాన్ని ఏరి కిటికీలోంచి మంచులోకి విసిరాను. డబ్బాలో రేకు సరిచేసి పిడి లాగాను. మళ్లీ అదే గుండు, ఈసారి తడిగా. డబ్బాను తిప్పే మోటారు కరెంటు తీగ పీకేశాను. అయినా టిక్కుమని జారింది.

నోరీన్ కాఫీ తెచ్చింది. "పోయాక కూడా మా అన్న నిన్ను ఆడిస్తున్నాడే! అదేంటయ్యా, మెడ మీద ఆ పచ్చ గీత?"

గుడ్డతో రుద్దాను. పోలేదు. భయం కూడా వెయ్యలేదు.

అప్పట్లో మా కంచె గుంజలకీ ఒక పొద్దున ఇదే గీత కనబడింది. వారం తిరక్కుండా వాగు పక్క ముప్పై ఏడున్నర ఎకరాలూ అతని పాలయ్యాయి.