నయమైన పిల్లల సన్మానం

"చెయ్యి తియ్యి సారూ! ముందుగాల మా పిల్ల మెడ మీదికెల్లి చెయ్యి తియ్యి!"

ఆనందమ్మ కేకకు డాక్టర్ ఓంప్రకాశ్ ఉలిక్కిపడ్డాడు. స్టేజీ వెనక గదిలో బల్ల మీద వెల్లకిలా పడుకున్న ఎనిమిదేళ్ల స్తుతి తల ఆయన రెండు అరచేతుల మధ్య ఉంది. ఇంకో క్షణమైతే ఒక్క విసురున పక్కకు తిప్పి టక్కుమనిపించేవాడే.

"అవ్వా, జర ఊకో!" వెస్లీ తల్లిని వెనక్కి గుంజాడు. "నాలుగుసార్లు తిప్పితేనే పిల్ల బాగైంది. మెడ ఎగురుడు లేదు, గొంతుల చప్పుడు లేదు. నీ కండ్లకు కనిపిస్తలేదా?"

"కనిపిస్తంది. బాగైన మెడను మల్ల ఎందుకు తిప్పుతుండో, అదే సమజైతలేదు."

డాక్టర్ నవ్వాడు. "వెన్నుపూస సర్దుకుంది కదమ్మా, మళ్లీ జారకుండా చూసుకోవాలి. ఏడాది పాటు నెలకోసారి తిప్పించాలి. బండికి సర్వీసింగ్ చేయించమా?"

"మా పిల్ల బండి గాదు సారూ."

వెస్లీ తల పట్టుకున్నాడు. పాపం, అతని బాధ అతనిది. పిల్ల మెడ ఎగరేస్తూ క్కు క్కుమంటుంటే క్లాసంతా నవ్వుతోందనీ, నయమైనట్టు కాయితం తెస్తేనే సోమవారం నుంచి రానిస్తామనీ బళ్లో పెద్ద మేడం తేల్చి చెప్పేసింది. నరాల డాక్టరేమో అది పిల్ల కావాలని చేసేది కాదు, తిట్టకండి, నిదానంగా తగ్గుతుందన్నాడు. నిదానం అంటే బడి ఊరుకుంటుందా! ఆ కాయితం ఓంప్రకాశ్ ఇస్తానన్నాడు. ఊరికే కాదు. ఇవాళ ఇదే మంచిర్యాల ఫంక్షన్ హాల్లో ఆయన పెట్టిన 'నయమైన పిల్లల సన్మానం'లో స్తుతి మైకు పట్టుకుని నాలుగు మాటలు చెప్పాలి.

"అంటే సాక్ష్యం జెప్పాలె," అంది ఆనందమ్మ.

"చెప్తే ఏమైతది? మన చర్చిల చెప్పమా?"

"చర్చిల బాగైనంకనే చెప్తమురా. అబద్ధ సాక్ష్యం పిల్లతోని చెప్పిస్తే నేనూకోను."

జ్వరం దిగకముందే సాక్ష్యం చెప్పించే రకాలను ఆమె నలభై ఏళ్లుగా ప్రార్థన కూటాల్లో చూస్తూనే ఉంది. వాళ్ల నవ్వు ఎట్లా ఉంటుందో ఆమెకు బాగా తెలుసు. ఈ డాక్టరు నవ్వూ అచ్చం అట్లాగే ఉంది.

బయట జనం చప్పట్లు వినిపించాయి. డాక్టర్ గడియారం చూసుకుని, "సరే, ముందు స్టేజీ మీదికి రండి. మెడ సంగతి తర్వాత చూద్దాం," అంటూ వెళ్లిపోయాడు.

స్టేజీ మీద అప్పటికే అయిదుగురు పిల్లలు శాలువాలు కప్పుకుని వరసగా కూర్చున్నారు. ఆరో కుర్చీలో స్తుతి కూర్చుంది. ఆనందమ్మ మొదటి వరసలో కూర్చుని కళ్లార్పకుండా మనవరాలినే చూసింది. మెడ కదల్లేదు. గొంతు పలకలేదు. కానీ పిల్ల రెండు చేతులూ కుర్చీని పిసికేస్తున్నాయి. పై పెదవి మీద చెమట పట్టింది. ఫ్యాను కింద చెమటేమిటి!

"బాగైన పిల్ల గిట్ల బిర్రబిగుసుకొని కూసుంటదారా?" కొడుకు చెవిలో అడిగింది.

"మైకంటె భయం గావచ్చు. నీకన్నీ అనుమానాలే!"

అంతలో స్తుతి చిటికెన వేలు చూపించింది. ఇందాకనేగా వెళ్లొచ్చింది! ఆనందమ్మ గబగబా లేచి వెంట నడిచింది.

బాత్రూంలోకి వెళ్తూనే స్తుతి నల్లా పూర్తిగా తిప్పేసి, నీళ్లు ధారగా వదిలి, తలుపు వేసుకోబోయింది. ఆనందమ్మ కాలు అడ్డం పెట్టి, లోపలికి దూరి, గడియ పెట్టింది.

"ఏం చేస్తున్నవే?"

పిల్ల నానమ్మ మొహంలోకి చూసింది. ఇక ఆగలేకపోయింది. మెడ ఎడమవైపు ఎగిరింది. ఒకటి, రెండు, పది... గొంతులోంచి క్కు క్కుమంటూ ఒకటే చప్పుడు. ఆ ఊపుకు జడ రిబ్బను ఊడి కింద పడింది. చివరికి అలసిపోయి ఆనందమ్మ నడుము పట్టుకుని వాలిపోయింది.

"దేవా! ఎన్నొద్దుల సంది దాస్తున్నవ్ బిడ్డా?"

"రెండోపారి తిప్పినప్పటి సంది. మెడల టక్కుమంటది నాయినమ్మా, సచ్చిపోత అనిపిస్తది. తగ్గిందంటే ఇగ తిప్పడనుకున్న."

"ఎట్ల ఆపుతున్నవే తల్లీ?"

"తుమ్ము ఆపుకున్నట్టు. అన్ని లోపల జమైతయి. గీడికొచ్చి ఇడుస్త. బయటికి వినొస్తదని నల్లా ఇప్పుత." పిల్ల కళ్లు తుడుచుకుంది. "డాడీకి చెప్పకు. నేను బడికి పోవాలె."

ఆనందమ్మ పిల్లను పొదువుకుని ఏడ్చింది. ఏడుపు ఆగేసరికి కోపం తన్నుకొచ్చింది. బడి కాకుంటే ఇంకో బడి! ఆ మైకు తనే గుంజుకుని, హాలంతా వినేట్టు ఆ డాక్టరు నిర్వాకం బయటపెట్టాలి. తన మనవరాలిని ఇట్లా చేసినందుకు వాడి చేత ముక్కు నేలకు రాయించాలి. హాల్లోంచి మైకులో వాడి గొంతే గట్టిగా వినిపిస్తోంది. "మన చిన్నారులకు మరొక్కసారి చప్పట్లు! అయిదు నిమిషాల విరామం తర్వాత వాళ్ల మాటలు విందాం!"

ఆమె విసురుగా గడియ తీసింది.

తలుపు ముందు శాలువాలు కప్పుకున్న అయిదుగురు పిల్లలూ వరసగా నిలబడి ఉన్నారు. ఒకరు కళ్లు గట్టిగా మూసుకున్నారు, ఒకరు శాలువా అంచు పళ్లతో కరిచి పట్టుకున్నారు. అందరికన్నా ముందున్న రెండు జడల పిల్ల, భుజాలు చెవులదాకా బిగబట్టి, బతిమాలుతున్నట్టు అంది:

"జల్ది బయటికి రా అవ్వా... నల్లా మాత్రం బంద్ చెయ్యకు."