అరువు వీపు

“వీపు కండరాన్ని రక్తనాళం తెగకుండా చర్మం కిందుగా ముందుకు తెస్తాం. దాని కింద ఇంప్లాంట్ పెడితే రొమ్ము ఆకారం వస్తుంది.” జగిత్యాల డాక్టరమ్మ కాగితం మీద బొమ్మ గీసి చూపించింది.

కాన్సర్‌కు ఒక రొమ్ము తీయించుకున్న కనకవ్వ ఆ బొమ్మను ఆశగా చూసింది. “నాకు ఇష్టమే మేడం. ఈ మనిషే ఏడాది సంది ఔనంటలేడు, కాదంటలేడు.”

పక్కనున్న భర్త లక్ష్మీరాజం దిగ్గున లేచి, అంగీ విప్పి, వీపు తిప్పాడు.

“నాది తీయుండ్రి మేడం.”

“ఏందయ్యా గిది, సిగ్గు లేకుంట!”

“సిరిసిల్లల మా మరమగ్గం సాంచ మీద పోగు తక్కువైతే పక్క సాంచ పోగు తెచ్చి అతుకుతం గదా!”

“ఒంటికి అట్లా కుదరదు. ఎవరిది వాళ్లకే అతుకుతుంది,” డాక్టరమ్మ నవ్వు ఆపుకుంటూ చెప్పింది.

అతని ముఖం చిన్నబోయింది. “దీని ఒంటి మీద ఇంకో కోత పడొద్దని... గందుకే ఔననలే.”

“గా మాట జెప్పకపోతివి! నీకు ఇష్టం లేదనుకున్న.”

అతనికి అంగీ తొడిగి గుండీలు తనే పెట్టింది కనకవ్వ.

“తారీఖు జల్ది రాయుండ్రి మేడం. ఆలస్యమైతే గీయన ఇంకేం విప్పుతడో!”