గుడివాడ పార్టీ

కారు హాలు ముందు ఆగేసరికి సోమేశ్వరరావుకి పోయిన ప్రాణం లేచివచ్చింది.

బందరు యువజన సంఘానికి ఆయన కార్యదర్శి. ఉప్పెన వచ్చి ఏడాదైనా కాలేదు, ఇప్పుడు పాటలేమిటి, ఆటలేమిటి అని నలుగురూ అడ్డుపడ్డారు. జనం నవ్వి ఎన్నాళ్లయిందో చూడండంటూ ఆయనే పట్టుబట్టి మిషన్ బడి హాల్లో కార్యక్రమం పెట్టించాడు. గెస్ట్ ఆర్టిస్టులు రాకపోతే ఆయన పరువు బందరు కాలవలో కలిసినట్టే.

వాళ్లను ఆయన చూసింది లేదు. ఎవరో చెప్పగా ఫోన్లో మాట్లాడి కుదిర్చిన గుడివాడ పార్టీ. పాట, వాయిద్యం, డాన్సు అన్నీ వాళ్లలో వాళ్లే చేసేస్తారట. పామర్రు సెంటర్లో బస్సు దిగగానే తీసుకురమ్మని టాక్సీ హుస్సేన్‌ని పంపాడు.

"గుడివాడ పార్టీ మీరేనా అండీ అన్నాను. మేమే, కారు పంపుతామన్నారు అన్నారు. సంఘమంతా మీకోసమే ఎదురుచూస్తోందని చెప్పి ఎక్కించుకొచ్చేశా!" అన్నాడు హుస్సేన్ గొప్పగా.

కారులోంచి ముగ్గురు దిగారు. బాలస్వామి, ఆయన భార్య దయామణి, ఇస్త్రీ మడత నలగని చొక్కాలో కొడుకు సత్యానందం. దయామణి తను తెచ్చిన పళ్లబుట్టని సోమేశ్వరరావు చేతిలో పెట్టింది. ఆర్టిస్టులే ఎదురు పళ్లు తేవడం ఆయన ఎక్కడా వినలేదు. ఎంత సంస్కారం అనుకున్నాడు.

"సంఘ పెద్దలని చెప్పారు గానీ, ఇంత పెద్ద సంఘమని చెప్పలేదు బావగారూ!" అన్నాడు బాలస్వామి, హాల్లో జనాన్ని చూసి.

బావగారూ అనేసరికి సోమేశ్వరరావు వెన్నలా కరిగిపోయాడు.

"అందరూ మీకోసం వచ్చినవాళ్లేనండీ. రండి, ముందు వరసలో కూర్చోండి."

స్టేజీ మీద అమ్మాయిలు కోలాటం వేస్తున్నారు. దయామణి కళ్లార్పకుండా చూసింది.

"ఆ నీలం ఓణీ అమ్మాయి ఎవరండీ?"

"మా కోశాధికారి గారమ్మాయండీ."

"ఓహో," అని ఆవిడ చూపు పక్కమ్మాయి మీదికి మళ్లించింది. కళాకారుల కన్ను కళనే వెతుక్కుంటుంది మరి.

కోలాటం అయింది. సోమేశ్వరరావు వచ్చి చేతులు జోడించాడు. "ఇక మీ అబ్బాయి పాడాలండీ."

"మా వాడా?" బాలస్వామి తెల్లబోయాడు. "మామూలుగా మేం కూర్చుని వింటామండీ."

"భలేవారే! ఇక్కడ వినేది మేము."

ఆ మాత్రం బెట్టు లేకపోతే ఆర్టిస్టులెలా అవుతారని సోమేశ్వరరావు సరిపెట్టుకున్నాడు. మొగుడూ పెళ్లాం కాసేపు గుసగుసలాడుకున్నారు.

"బందరు పద్ధతి ఇదే కాబోలు. కానీరా అబ్బాయ్, కాదంటే బాగుండదు," అన్నాడు బాలస్వామి.

సత్యానందం చెమటలు తుడుచుకుంటూ మైకు ముందు నిలబడ్డాడు. పల్లవి దగ్గరే తాళం తప్పాడు. తండ్రి ఆగలేక లేచి వెళ్లి డోలక్ అందుకున్నాడు. అంతే, పాట దారిన పడింది. జనం వన్స్‌మోర్ అన్నారు. హార్మోనియం తెచ్చి ముందు పెడితే సత్యానందం అదీ వాయించాడు. డాన్సు, డాన్సు అని కేకలేశారు. కుర్రాడు బిక్కమొహం వేసుకుని తల్లివైపు చూశాడు. కానివ్వమని ఆవిడ తలూపింది. చిన్నపిల్లలకి బళ్లో నేర్పే చేతులూపే ఆట ఒకటి మొదలుపెట్టి, హాలు హాలంతా చేతులూపేలా చేశాడు. ఆఖరికి దయామణి కూడా కొంగు బిగించి ఊడ్పుల పాట ఎత్తుకుంది.

ఉప్పెనలో ఇల్లు పోగొట్టుకున్న పెద్దింట్లమ్మ బోసినోటితో పగలబడి నవ్వుతోంది. చూస్తూంటే సోమేశ్వరరావుకి కళ్లలో నీళ్లు తిరిగాయి. ఈ ఒక్క నవ్వు చాలు, నేను గెలిచాను అనుకున్నాడు.

తెర పడగానే శాలువా పట్టుకుని పరుగున వెళ్లాడు.

"మీకేమిచ్చుకున్నా తక్కువే బావగారూ! మొహమాటపడకండి, ఇంకేం కావాలో అడగండి."

బాలస్వామి మొహమాటపడ్డాడు. దయామణి పడలేదు. కుర్చీలో సర్దుకుని కూర్చుని, పైట భుజం చుట్టూ కప్పుకుంది.

"మా అబ్బాయిని మీ చర్చి సంఘమంతా చూసేసింది గదా అన్నయ్యగారూ, ఇక మాకు పెళ్లికూతుర్ని చూపించండి!"