చౌక తాళం

"అద్దం పగలగొట్టి చీర తీయండి!" పెనుకొండ కల్యాణ మండపం ముందు నిలబడి నారాయణమ్మ మళ్లీ అరిచింది.

"అద్దం ఎంతో తెలుసునా నీకు?" అన్నాడు ఆమె మొగుడు అంజనప్ప. నంబరు కూడా కనపడకుండా చేమంతి దండలు కట్టిన తెల్ల కారుకు అడ్డంగా చేతులు చాపి నిలబడ్డాడు. "కొడుకు పెండ్లిలో అద్దం పగలగొడతారా ఎవరైనా? అపశకునం!"

ఖర్చు తగిలే ప్రతిచోటా అంజనప్పకు అపశకునం కనిపిస్తుంది.

ధర్మవరంలో పట్టుచీరల అంగడి ఆయనది. పెండ్లికూతురు స్వప్నకు ముహూర్తం చీర మగపెండ్లివారే తేవాలి. ఆ చీరను అంగట్లోంచి తీయలేదు. అంజనప్ప తల్లి హనుమక్క, చూపు సరిగా ఆనకపోయినా, మనవడి పెండ్లని మళ్లీ మగ్గంలో కూర్చుని తన చేత్తో నేసింది. ఇప్పుడది కారు డిక్కీలో ఉంది. కారు లాక్ వేసి ఉంది. కీ మాత్రం లేదు. జేబులు తడిమారు, టిఫిన్ బల్లల కింద వెతికారు, చెప్పుల కుప్ప కూడా తిరగేశారు.

"ఇంకో కీ యాడుండాది?" అడిగింది నారాయణమ్మ.

"ఇంట్లో బీరువాలో."

"బీరువా కీ?"

"కారులో."

నారాయణమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వు వస్తోందో ఏడుపు వస్తోందో ఆమెకే తెలియలేదు.

షోరూమ్‌కు ఫోన్ చేస్తే పద్దెనిమిది వేలవుతుంది, వారం పడుతుంది అన్నారు. వారం సంగతి అంజనప్పకు వినపడనే లేదు.

"రెండు గుండీలుండే ప్లాస్టిక్ ముక్కకు పద్దెనిమిది వేలా? ఆ దుడ్లతో ఇంకో పెండ్లికి చీరలొస్తాయప్పా!" అని ఫోన్ పెట్టేశాడు.

ఎవరో చెబితే హిందూపురం నుంచి డూప్లికేట్ కీలు చేసే చంద్రశేఖర్ మోటారు సైకిల్ మీద వచ్చాడు. నాలుగున్నర వేలన్నాడు. లోపల పురోహితుడు పెండ్లికూతురిని తొందరపెడుతున్నాడు. బయట అంజనప్ప తీరిగ్గా బేరానికి దిగాడు.

"మూడు చేసుకో."

"లేదు సార్. లోపల చిప్ ఉంటాది, దాని ఖరీదే ఎక్కువ."

"అయితే చిప్ లేకుండా చెయ్యి."

చంద్రశేఖర్ ఆయనను ఎగాదిగా చూసి, "మూడున్నర ఇయ్యండి సార్," అన్నాడు. "ఆర్సీ చూపిస్తారా?"

"కారులోనే ఉండాదప్పా. ముందు పని కానీ."

నారాయణమ్మకు ఓపిక నశించింది. "ఆయనతో ముందు డోరు తీయించి చీర ఇప్పించండి. కీ సంగతి తర్వాత చూసుకోవచ్చు."

"డోరు ఒక్కటే తీస్తే ఎనిమిది నూర్లంట. కీతో కలిపితే డోరు ఉచితమంట. ఉచితంగా వచ్చేదానికి దుడ్లు పెడతామా?"

చంద్రశేఖర్ ఇనుపకడ్డీతో డోరు తెరిచి, ముందు సీట్లో కూర్చుని ల్యాప్‌టాప్ తగిలించాడు. పని అయ్యేదాకా డిక్కీ ముట్టుకోవద్దన్నాడు, ముట్టుకుంటే మళ్లీ మొదటికొస్తుందట. అందరూ కారు చుట్టూ బిక్కమొహాలు వేసుకుని నిలబడ్డారు. లోపల స్వప్న తలంటుకున్న జుట్టుతో, పాత చీరతో గదిలో కూర్చుని తలుపు వైపు చూస్తోంది. ఆడపెండ్లివారు గుసగుసలు మానేసి గట్టిగానే మాట్లాడుకుంటున్నారు.

"కొత్త కీ ఎక్కిస్తే పాతవన్నీ చచ్చిపోతాయి సార్," అన్నాడు చంద్రశేఖర్. "మీ కీ ఎవుడికి దొరికినా పనికిరాదు."

అంజనప్ప మురిసిపోయాడు. "వింటివా నారాయణమ్మా? పద్నాలుగున్నర వేలు మిగిలె. పైగా దొంగకు కూడా నష్టమే!"

హనుమక్క కర్ర పొడుచుకుంటూ మెట్లు దిగి వచ్చింది. "నాయనా, అయ్యవారు పిలుస్తాండాడు. నా చీర యాడరా?" అంది. పెండ్లి మొదలైనప్పటి నుంచి అంజనప్పకు సిగ్గేసింది ఆ ఒక్క నిమిషమే. తలదించుకున్నాడు.

కారు లైట్లు మిణుక్కుమన్నాయి. చంద్రశేఖర్ కొత్త కీ చేతిలో పెట్టాడు. అంజనప్ప పరుగున పోయి డిక్కీ తెరిచాడు.

కొబ్బరికాయల మూట ఉంది. స్టెప్నీ ఉంది. చీర లేదు.

"చీర ఏం చేసినావురా?" అంజనప్ప చంద్రశేఖర్ చొక్కా పట్టుకున్నాడు.

"నేను ముందు సీట్లోంచి లేస్తే కదా సార్!"

హనుమక్క మెట్ల మీద కూలబడిపోయింది. నారాయణమ్మ ఆమెను పట్టుకుని బావురుమంది.

అప్పుడే స్వప్న నాయన వీరభద్రయ్య మండపంలోంచి విసవిసా వచ్చాడు. చేతిలో ఉన్న కీని కారువైపు చూపి నొక్కాడు. ఏమీ కాలేదు. అరచేతిలో కొట్టి మళ్లీ నొక్కాడు.

"బజారుకు పోయి ఏదో ఒక చీర తెస్తామంటే, ఈ కీకి కూడా ఇప్పుడే రోగమొచ్చె," అన్నాడు విసుగ్గా. "రెండు కార్లు ఒకేసారి కొంటే తగ్గిస్తారని నాకూ నీ మాదిరి తెల్లదే కొనిపిస్తివి, చూడు దీని కత. అది సరే గానీ బావా, నీ కారును కీతో సహా ఆ షామియానా వెనక వదిలేసి, నా డిక్కీలో ఏం వెతుకుతాండావు?"