జావ పట్టే చెయ్యి

వీడియో ఆటల్లోని లెవెళ్లు మనుషుల పనితనానికీ వచ్చాక, ప్రతి ఇంట్లోనూ ఏదో ఒక మోడ్ ఎంచుకోవలసి వస్తోంది. పాత మోడ్‌లో ఏ పని చేస్తే ఆ పనిలోనే లెవెల్ పెరుగుతుంది. కొత్తదానిలో వాడని విద్యను చెరిపేసి, ఆ లెవెళ్లను కావలసిన పనికి మార్చుకోవచ్చు.

బస్సు నడిపే ఉద్యోగానికి త్రిపురాంబకు లెవెళ్లు చాలలేదు. పక్షవాతంతో మంచాన పడ్డ మామగారికి జావ పట్టడంలో మాత్రం బోలెడున్నాయి. ఆయన పోయి ఏడాదైంది.

"ఇంకెవరికి పడతావే? మార్చేసుకో," అన్నాడు భర్త సోమయాజులు.

"సేవ పుణ్యమంటారు కదండీ. దాన్నీ మార్చుకోవచ్చంటారా?"

ఆమె దేవుడికి దీపం పెట్టి వచ్చి జావ కాచింది.

"చెరిపేసే ముందు ఒక్కసారి. నోరు తెరవండి."

"నేనేమన్నా చంటిపిల్లాణ్ణా?" అంటూనే తెరిచాడు. ఆమె ఎడమచెయ్యి మెడకింద ఆనించి, చెంచాను పెదవి మూలకు వంచి, గుటక పడేదాకా ఆగింది. ఒక్క చుక్క జారలేదు.

"నాన్నకిలాగే పట్టేదానివా?" అన్నాడు.

"ఆయనైతే ఇన్ని ప్రశ్నలు వేసేవారు కాదు."

ఆమె చెయ్యి తుడుచుకుని ఫోన్ తెర మీద కొత్త మోడ్ వైపు వేలు చాపింది. సోమయాజులు ఆ వేలిని పట్టుకుని పాతదాని మీదికి జరిపాడు.

"బస్సు మెల్లగా నేర్చుకుందువుగాని. పక్క సీట్లో నేను కూర్చుంటాను."