ఒక ట్రిప్పు తక్కువ

"దోవలో పెట్రోలు అయిపోతే నడవలేని బిడ్డను ఎత్తుకొని యాడికి పోతావప్పా?"

కారు ఇంకా ఇంటి ముందునుంచి కదలనే లేదు. జమ్మలమడుగులో నాగలక్ష్మి రోజూ అడిగే మాటే అది.

ఏం కాదమ్మా అన్నాడు ఉమైర్. కొత్తగా కుదిరిన డ్రైవరు. పులివెందుల వైపు మనిషట. అంతకుమించి ఆమెకు తెలియదు.

కూతురు చందన స్కూటీ మీదనుంచి పడి నడక పోగొట్టుకుంది. ప్రొద్దుటూరులో ఫిజియోథెరపీ చేయిస్తుంటే ఇప్పుడిప్పుడే గోడ పట్టుకుని నిలబడుతోంది.

కారు పాతది. పెట్రోలు ముల్లు ఎప్పుడో పనిచేయడం మానేసింది. ట్యాంకు నింపి ట్రిప్పులు లెక్కపెట్టుకోవడమే. ఈమధ్య ఆ లెక్కలో ఒక ట్రిప్పు తగ్గింది.

పెట్రోల్లో ఇథనాలు ఎక్కువ కలుపుతున్నారు, మైలేజీ పడిపోతోందని ఉమైర్ చెప్పాడు. నాగలక్ష్మి నమ్మలేదు. కారు ఇట్లాగే తాగితే ప్రొద్దుటూరు మాన్పించి ఇంట్లోనే కాళ్లకు నూనె రాయిస్తానంది.

చందన ముఖం పాలిపోయింది.

ఆ తర్వాత లెక్క ఇంకా తగ్గలేదు. కొన్నాళ్లకు గొడ్లపాక వెనక ఉమైర్ దొరికిపోయాడు. చేతిలో గొట్టం, క్యాను. పక్కనే కారు ట్యాంకు మూత తీసి ఉంది.

"నడవలేని బిడ్డ పోయే కారులో దొంగతనమా? నీకు బిడ్డలు లేరా?"

వీధంతా వినబడేట్టు తిట్టింది. తాళం లాక్కుంది.

ఉమైర్ వాకిట్లో కూర్చున్న చందన వైపు చూసి తల అడ్డంగా ఊపాడు. తన బైకు తోసుకుంటూ వెళ్లిపోయాడు.

ఆరోజునుంచి చందన తల్లితో మాట్లాడలేదు.

తర్వాత నాగలక్ష్మి తమ్ముడు రాజశేఖర్ కారు నడిపాడు. సొంత మనిషి కదా, ఇక పాత లెక్కే వస్తుందనుకుంది. రాకపోగా ఇంకో ట్రిప్పు తగ్గి, ప్రొద్దుటూరు దారిలో ఎర్రటి ఎండలో కారు ఆగిపోయింది.

"నువ్వు గూడా అమ్ముకుంటాండావా?"

రాజశేఖర్‌కు ఒళ్లు మండింది. "అంతా ఇథనాలు పెట్రోలేక్కా. అందరి కార్లూ ఇట్లే తాగుతాండాయి. నన్ను దొంగను చేస్తే ఈడనే దిగి పోతా."

"మరి ఆ దొంగోడు ఉన్నప్పుడు ఇంతకంటే ఎక్కువ వచ్చె గదరా. అదెట్లా?"

ఆమె కోపంగా ఉమైర్‌కు ఫోన్ చేసింది. భార్య సనా ఎత్తింది. దొంగ అన్న పేరొచ్చాక ఈడ ఎవరూ పని ఇవ్వలేదని, కువైట్‌కు పోయినాడని చెప్పి పెట్టేసింది.



వెనక సీట్లోనుంచి చందన నోరు తెరిచింది.

"నువ్వు నన్ను ప్రొద్దుటూరు మాన్పిస్తావని, ఆయప్ప తన బైకులో పెట్రోలు తీసి మన కారులో పోస్తాండె మా."