స్విచ్చు అడుగున

కాలేజీ గదులన్నిటికీ నెట్ పంచే పెట్టె, అదే నెట్‌వర్క్ స్విచ్చుకు భద్రత పెట్టడానికి వచ్చిన ఇంజనీరు ప్రవీణ, కంప్యూటర్ ల్యాబ్ చూసుకునే నన్ను పాత పాస్‌వర్డ్ అడిగింది. అందరినీ బయటికి పంపి చెవిలో చెప్పాను. పదేళ్ల కింద ఆ పెట్టె అమ్మినవాడు నాకూ అలాగే మంత్రోపదేశం చేశాడు. బయటపెడితే మంత్రం పారదని మా తాత అనేవాడు. ఆయనది దాచినా పారలేదనుకోండి.

ప్రవీణ నవ్వి పెట్టెను తిరగేసింది. అడుగున చీటీ మీద అదే మాట అచ్చయి ఉంది.

"కంపెనీ అన్నిటికీ గిదే పెడతది అంకుల్, మనమే మార్చుకోవాలె. ఏటా దసరాకు పైన బొట్లు పెట్టిన్రు గానీ కింద చూడలేదా?"

ఆమె పాస్‌వర్డ్ మార్చి, స్విచ్చు వెబ్ పేజీ భద్రమని చూపే తాళం గుర్తు తెప్పిస్తుంటే నాకు భూపతి గుర్తొచ్చాడు. నిరుడు పరీక్ష రోజు ఎవరో స్విచ్చులోకి దూరి నెట్ ఆపేశారు. పాస్‌వర్డ్ నాకూ, అటెండరు భూపతికీ తప్ప ఎవరికీ తెలియదని విచారణలో అందరి ముందూ ప్రమాణం చేసింది నేనే. అతని కొలువు పోయింది.

తిన్నగా అతను ఇప్పుడు నడుపుకునే చాయ్ బండికి పోయి, తల వంచుకుని అంతా చెప్పాను.

"రోజూ తుడిచెటోన్ని, గా చీటీ నాకు తెల్వదా సారూ? పదిమందిల మీ ఇజ్జత్ ఎందుకు తియ్యాలె? మీరే తిప్పి చూస్తరనుకున్న. చాయ్ తాగుండ్రి, సల్లారుతది."